పదిహేడేళ్ళ మెదడు, ఉరిశిక్ష: వైద్యం చెప్పగలిగేది, చెప్పలేనిది

(కర్నూలులో హౌస్ సర్జన్లు, యువ న్యాయవాదులు, జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యులు, ఉపాధ్యాయుల ముందు ఒక మానసిక వైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం.

ముందు వరసలో హౌస్ సర్జన్లు కూర్చున్నారు, వెనక నల్లకోట్లు కనబడుతున్నాయి. మీరిద్దరూ ఒకే గదిలో కలిసేది తక్కువ. మామూలుగా మీ మధ్య నడిచేది ఒక కాగితం. కానిస్టేబుల్ ఒక పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకొస్తాడు, ‘వయసు నిర్ధారణ కొరకు’ అని రిక్విజిషన్ ఇస్తాడు. మణికట్టుకు ఎక్స్‌రే తీస్తారు, ఒక అంకె వేస్తారు, కింద సంతకం పెడతారు. ఆ అంకె కోర్టుకు పోతుంది. నేను ఎక్కడెక్కడ తిరిగినా చివరికి ఆ అంకె దగ్గరికే వస్తాను. గుర్తుపెట్టుకోండి.

ముందు చట్టం సంగతి. ఏదైనా ఘోరం జరిగి, అందులో పదిహేడేళ్ళవాడు ఉన్నాడని తెలిస్తే, టీ కొట్టు దగ్గర మాట ఒకటే వినబడుతుంది: ‘ఇప్పుడు చట్టం మారింది కదా, పెద్దవాళ్ళ లెక్కనే విచారిస్తారు, ఉరి పడుతుంది’ అని. పడదు. 2015 బాలల న్యాయచట్టంలో 21వ సెక్షన్ చదవండి. నేరం జరిగిన రోజున 18 నిండనివాడికి మరణశిక్ష వేయకూడదు, విడుదలకు అవకాశం లేని జీవితఖైదు కూడా వేయకూడదు. 16 దాటినవాడు హీనమైన నేరం చేశాడన్నప్పుడు, అంటే కనీస శిక్ష ఏడేళ్ళో అంతకన్నా ఎక్కువో ఉన్న నేరమైతే, బోర్డు ప్రాథమిక అంచనా చేసి పిల్లల కోర్టుకు పంపవచ్చు. అక్కడికి పోయినా 21వ సెక్షన్ అతని వెంటే పోతుంది. ఐక్యరాజ్యసమితి 1989 బాలల హక్కుల ఒడంబడిక 37వ అధికరణంలో ఉన్నదీ ఇదే. మన దేశం 1992 డిసెంబరులో దానికి ఒప్పుకుంది.

మరి చట్టమే వద్దన్నాక వైద్యులు వాదించడానికి ఏముంది అని అడగవచ్చు. రెండు ఉన్నాయి. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత మైనర్లకు చట్టం ఇచ్చే ఈ రక్షణను సడలించాలన్న కోరిక దేశమంతా లేచింది. అట్లాంటిది మళ్ళీ లేచినప్పుడు, ఈ గీత ఎందుకు గీశామో చెప్పగలిగినవాళ్ళు ఊరూరా ఉండాలి. రెండోది ఇంకా ముఖ్యం. చట్టం ‘18 లోపు’ అంటుంది, సరే. ఆ పిల్లవాడు 18 లోపువాడని ఎవరు చెప్పాలి? పుట్టినరోజు కాగితం లేనిచోట మనమే చెప్పాలి. మనం తప్పు చెబితే 21వ సెక్షన్ అతనికి లేనట్టే.

ఒక సంగతి మొదటే చెప్పాలి. పదిహేడేళ్ళవాడికి తప్పొప్పులు తెలియవని వైద్యం అనడం లేదు. తెలుసు. చంపితే మనిషి చనిపోతాడని పదేళ్ళవాడికీ తెలుసు. అతన్ని శిక్షించవద్దని కూడా వైద్యం అనడం లేదు. వైద్యం చెప్పేది చిన్న మాట: తెలియడం వేరు, తెలిసినదాన్ని సమయానికి చేతికి తెచ్చుకోవడం వేరు. ఈ రెండో శక్తి ఆలస్యంగా వస్తుంది.

ఎందుకో చూద్దాం. మెదడు పరిమాణం ఆరేళ్ళకే పెద్దవాళ్ళ మెదడులో 90 శాతం దాటుతుంది. అందుకే చాలాకాలం, పిల్లల మెదడు చిన్నప్పుడే తయారైపోతుందని అనుకున్నారు. 1990లలో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం అవే పిల్లలకు రెండేళ్ళకోసారి ఎమ్మారై తీస్తూ పోయింది. 1999లో అచ్చైన ఫలితం ఆ నమ్మకాన్ని మార్చింది. నుదుటి భాగంలోని బూడిదరంగు పదార్థం ఆడపిల్లల్లో 11 ఏళ్ళ దగ్గర, మగపిల్లల్లో 12 దగ్గర గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత తగ్గుతూ వచ్చింది. తగ్గడమంటే చెడిపోవడం కాదు. మన నల్లరేగడిలో జొన్న ఒత్తుగా మొలిస్తే రైతు ఏం చేస్తాడు? కొన్ని మొక్కలు పీకి పలచన చేస్తాడు, మిగిలినవి గట్టిపడతాయి. మెదడు కూడా వాడని కలయికలను తీసేసి, వాడేవాటిని బలపరుస్తుంది. ఇంకోవైపు తెల్లపదార్థం, అంటే నరాల తీగల మీద మైలిన్ తొడుగు, ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. తొడుగు పడిన తీగలో సంకేతం ఎన్నో రెట్లు వేగంగా పోతుంది.

ఈ రెండు పనులూ మెదడంతా ఒకేసారి జరగవు. చూపు, కదలికలు చూసుకునే భాగాలు ముందు పక్వమవుతాయి. నుదుటి ఎముక వెనకున్న ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అన్నింటికన్నా చివర. ఆగమని చెప్పేది అదే, ముందువెనకలు చూసేది అదే, ఎదుటివాడి కళ్ళలోని భయాన్ని లెక్కలోకి తీసుకునేదీ అదే. అది ఇరవైల నడుమ దాకా తయారవుతూనే ఉంటుంది. కానీ ఉద్వేగాన్ని, ఆనందాన్ని, ‘ఇప్పుడే కావాలి’ అన్న తహతహను నడిపించే లోపలి భాగాలు యవ్వనం మొదలవగానే, 12, 13 ఏళ్ళకే, జోరందుకుంటాయి. పల్లెలో పెరిగినవాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. కోడెకు బలం ముందు వస్తుంది, కాడి అలవాటు తర్వాత వస్తుంది. నడుమనున్న ఆ కొన్నేళ్ళే ప్రమాదం.

ఇక్కడ న్యాయవాదులు ఒక తేడా పట్టుకోవాలి. వ్యాజ్యంలో గెలుపోటములు దీని మీదే ఉంటాయి. చల్లగా కూర్చోబెట్టి, టైమిచ్చి, ఒక సమస్య చెప్పి, ‘ఏం చేస్తే ఏమవుతుంది’ అని అడగండి. పదహారేళ్ళవాడు పెద్దవాడితో సమానంగా జవాబు చెబుతాడు. అదే పిల్లవాణ్ణి కోపంలో, భయంలో, పక్కన ఇద్దరు దోస్తులున్నప్పుడు చూడండి. 2005లో గార్డనర్, స్టైన్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కారు ఆట పెట్టారు. పచ్చలైటు పసుపుగా మారుతుంది, ఇంకా ముందుకు పోతే పాయింట్లు, గోడ అడ్డొస్తే అన్నీ పోతాయి. 13 నుంచి 16 ఏళ్ళవాళ్ళను, 18 నుంచి 22 ఏళ్ళవాళ్ళను, 24 దాటినవాళ్ళను కొందరిని ఒంటరిగా, కొందరిని ఇద్దరు స్నేహితులను పక్కన పెట్టి ఆడించారు. స్నేహితులు చూస్తుంటే చిన్నవాళ్ళలో తెగింపు బాగా పెరిగింది. 24 దాటినవాళ్ళలో పెద్ద మార్పు లేదు. ఆట కాబట్టి గోడకు తగిలినా ఎవరూ చావలేదు. మైనర్లు చేసే నేరాల్లో ఎక్కువ భాగం ఒంటరిగా చేసేవి కావు, గుంపులో జరిగేవి. మన సీమలో, పెద్దలు కక్షలు పెంచుకున్న ఊళ్ళలో పెరిగే పిల్లవాడి పక్కన నిలబడేది దోస్తులు మాత్రమే కాదు. మామ ఉంటాడు, చిన్నాన్న ఉంటాడు. ‘నువ్వు మగోడివా’ అన్న మాట ఉంటుంది.

ఈ తేడా తెలియక ఒక పెద్ద కోర్టులోనే వాదం తడబడింది. అమెరికా సుప్రీంకోర్టులో రోపర్ వర్సెస్ సిమన్స్ కేసు. 2005 మార్చి 1న, 5–4 మెజారిటీతో, 18 లోపు నేరాలకు మరణశిక్ష చెల్లదని తీర్పు వచ్చింది. అప్పటికి ఆ దేశంలో 72 మంది అట్లాంటి నేరాలకు ఉరికంబం నీడలో ఉన్నారు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్, అక్కడి సైకియాట్రిక్ అసోసియేషన్ వంటి వైద్యసంఘాలు కోర్టుకు మిత్రులుగా, అంటే కక్షిదారులు కాకుండా కోర్టుకు సాయపడేవాళ్ళుగా, లిఖితవాదనలు ఇచ్చాయి. మెదడు ఎదుగుదల గురించి ఇందాక చెప్పినదే వాళ్ళ వాదన. సైకలాజికల్ అసోసియేషన్ విడిగా ఇంకొకటి ఇచ్చింది. అప్పుడు తీర్పుతో విభేదించిన జస్టిస్ స్కాలియా అడిగాడు: ఇదే సైకలాజికల్ అసోసియేషన్ 1990 నాటి ఇంకో కేసులో, 14, 15 ఏళ్ళ అమ్మాయి గర్భస్రావం విషయంలో తనంతట తాను నిర్ణయించుకోగలదని చెప్పింది కదా, అక్కడ పెద్దది, ఇక్కడ చిన్నవాడు ఎట్లా అవుతారు అని. మంచి ప్రశ్న. చాలామంది దీనికి జవాబు తెలియక తల దించుకుంటారు. జవాబు ఇందాకటి తేడాలోనే ఉంది. వైద్యం గురించి నిర్ణయానికి రోజుల టైముంటుంది, డాక్టరు ఉంటుంది, సలహా చెప్పేవాళ్ళుంటారు. అది చల్లని ఆలోచన. రాత్రిపూట గుంపులో, కత్తి చేతిలో ఉన్న క్షణానికి అవేవీ ఉండవు. రెండూ ఒకే మెదడు చేసే రెండు వేర్వేరు పనులు, రెండూ వేర్వేరు వయసుల్లో పక్వానికి వస్తాయి.

అదే కేసులో ఇంకో ఇబ్బంది ఉంది, దాచకూడదు. ఆ కేసులో హత్య చేసిన ముద్దాయి సిమన్స్ అప్పటికప్పుడు కోపంతో చంపలేదు. 17 ఏళ్ళ వయసులో ముందే పథకం వేశాడు. ‘మనం మైనర్లం, ఏమీ కాదు’ అని స్నేహితులతో అన్నాడు. అయితే ఇది చల్లని లెక్కే కదా అంటారు. ఆ తర్వాత ఏం చేశాడో కూడా చదవండి. చంపానని నలుగురి దగ్గర గొప్పలు చెప్పుకున్నాడు. తప్పించుకోవడానికి లెక్క వేసినవాడు, ఆ లెక్కను తనే నోటితో చెడగొట్టుకున్నాడు. పథకం వేయడం వచ్చింది, పర్యవసానాన్ని చివరిదాకా మోయడం రాలేదు. నా అభిప్రాయంలో ఆ కేసు వైద్యుల వాదనను బలహీనపరచదు, బలపరుస్తుంది.

ఉరి ఉంటే భయపడి మానుకుంటారన్న మాట మీద ఎక్కువసేపు ఆగను. భయం పనిచేయాలంటే ఆ క్షణంలో లెక్క జరగాలి. ఆ క్షణంలో లెక్కగట్టే భాగమే తయారు కాలేదంటున్నాం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇప్పటిదాకా చెప్పినవన్నీ వందలమంది సగటులు. న్యాయమూర్తి ముందు నిలబడేది సగటు కాదు, ఒక పిల్లవాడు. ‘డాక్టర్, ఇతని మెదడు స్కాన్ తీసి, ఇతను పక్వమైనవాడో కాదో చెప్పండి’ అంటే? చెప్పలేం. ఎమ్మారైలో గడ్డ కనబడుతుంది, పాత దెబ్బ కనబడుతుంది, ఫిట్స్‌కు కారణమైన మచ్చ కనబడుతుంది. ‘బాధ్యత’ కనబడదు. ఒకే వయసు పిల్లల మధ్యే ఎంతో తేడా ఉంటుంది. ఏ యంత్రమూ, ఏ పరీక్షా ఫలానా రాత్రి ఫలానావాడు తనను తాను ఎంతవరకు ఆపుకోగలిగేవాడో కొలవలేదు. చదువుకున్న డాక్టరు కూడా ఇక్కడ తడబడటం చూస్తున్నాం. కొందరు ‘మెదడు శాస్త్రం నిరూపించింది’ అని గట్టిగా రాసేస్తారు. అట్లా రాయవద్దు. ఎదుటి లాయరు ఒకే ప్రశ్నతో పడగొడతాడు, పడిపోవాల్సిన మాటే కూడా.

ఈ చెప్పలేకపోవడమే మన బలమైన వాదన. రోపర్ తీర్పులో జస్టిస్ కెనెడీ దీన్నే పట్టుకున్నాడు. వయసు పొంగులో తప్పు చేసినవాణ్ణీ, ఇక మారనివాణ్ణీ వేరుచేయడం నిపుణులకే కష్టమన్నాడు. మన మానసిక వైద్యుల పుస్తకంలోనే నియమం ఉంది: యాంటీసోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అనే జబ్బుపేరు 18 నిండనివాళ్ళకు పెట్టకూడదు. ఎందుకు? పదిహేనేళ్ళకు దొంగతనాలు, కొట్లాటలు చేసినవాళ్ళలో ఎక్కువమంది ఇరవై దాటేసరికి ఆ దారి వదిలేస్తారు. టెర్రీ మాఫిట్ 1993లో ఈ రెండు దారులను విడదీసి చూపించింది: కౌమారంలోనే మొదలై కౌమారంతోనే ముగిసేది ఒకటి, చిన్నప్పుడే మొదలై జీవితమంతా సాగేది ఇంకొకటి. రెండో దారివాళ్ళు తక్కువ. పదిహేడేళ్ళప్పుడు బయటికి ఇద్దరూ ఒకేలా కనబడతారు. ‘ఇతను మారడు’ అని కాగితం మీద రాయడానికే మనకు అనుమతి లేనప్పుడు, అదే నిర్ణయం తాడుతో ఎట్లా తీసుకుంటాం?

‘ఒక్కొక్కరినీ పరీక్షించి చూద్దాం’ అన్న దారి తొక్కిన దేశం ఉంది. ఇరాన్ 2013 శిక్షాస్మృతిలో 91వ అధికరణం. నేరం నాటికి మానసిక పక్వత మీద అనుమానముంటే మరణశిక్ష వేయకుండా ఉండవచ్చని జడ్జికి విచక్షణ ఇచ్చింది, న్యాయవైద్య సంస్థ అభిప్రాయం అడగవచ్చంది. వినడానికి దయగా ఉంది. జరిగిందేమిటంటే, నేరం జరిగిన ఏళ్ళ తర్వాత, మీసాలు గడ్డాలు వచ్చిన మనిషిని డాక్టరు ముందు కూర్చోబెట్టి, అప్పట్లో నీకు బుద్ధి వచ్చిందా అని తేల్చమన్నారు. కొందరు డాక్టర్లు వచ్చిందని రాశారు. ఉరితీతలు ఆగలేదు. అందుకే గీత వయసు మీదే ఉండాలి, డాక్టరు అంచనా మీద ఉండకూడదు.

ఇంకో వైద్యవిషయం. మరణశిక్ష పడిన మైనర్లు ఎట్లాంటి పిల్లలు? 1988లో మనోవైద్యురాలు డొరతీ లూయిస్ బృందం అమెరికాలో నాలుగు రాష్ట్రాల్లో ఆ శిక్ష పడిన 14 మందిని పూర్తిగా పరీక్షించింది. 14 మందికీ చిన్నప్పుడు తలకు దెబ్బలున్నాయి. 12 మంది ఇంట్లో దారుణంగా దెబ్బలు తిన్నవాళ్ళు. ఐదుగురిపై బంధువులే లైంగిక దాడి చేశారు. తెలివితేటల స్కోరు 90 దాటినవాళ్ళు ఇద్దరే. ఈ సంగతులు చాలావరకు విచారణ సమయంలో కోర్టుకు రాలేదు. ఎందుకు రాలేదు? ఎవరూ అడగలేదు. పిల్లవాడు చెప్పుకోలేదు, సిగ్గు. తండ్రి చెప్పలేదు, కొట్టింది తనే.

అందుకని హౌస్ సర్జన్లకు చెబుతున్నా. అట్లాంటి పిల్లవాడు వస్తే కేసుషీటులో అడగాల్సినవి అడగండి. కాన్పు కష్టమైందా, పుట్టగానే ఏడ్చాడా. ఎప్పుడైనా తలకు దెబ్బ తగిలి స్పృహ పోయిందా, ఎంతసేపు. ఫిట్స్ ఉన్నాయా. బడిలో ఏ తరగతి దాకా, ఎందుకు మానేశాడు. సారా, వైట్‌నర్, గంజాయి. తల వెంట్రుకలు పక్కకు తీసి పాత మచ్చలు చూడండి, వీపు చూడండి. పోలీసు గదిలో ఉండగా ఇవి అడగవద్దు. తండ్రి లేకుండా ఒకసారి, తల్లితో విడిగా ఒకసారి మాట్లాడండి.

ఇక ఆ అంకె.

చట్టం 94వ సెక్షన్‌లో వరస చెప్పింది. ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం, లేదా పదో తరగతి సర్టిఫికెట్. అది లేకపోతే పంచాయతీ, మున్సిపాలిటీ, కార్పొరేషన్ ఇచ్చిన జనన పత్రం. అదీ లేనప్పుడే వైద్యపరీక్ష, ఆర్డరు వచ్చిన 15 రోజుల్లోపు. అంటే ఎక్స్‌రే ఆఖరి మెట్టు. అడ్మిషన్ రిజిస్టరులో తేదీ పెట్టుకుని ఎక్స్‌రే తీయించడం తప్పు. ఆధార్ కార్డు ఈ వరసలో లేనే లేదు. ఆధార్ పుట్టినతేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో కూడా చెప్పింది.

ఎక్స్‌రే ఏం చెబుతుంది? ఎముకల చివర్లు ఎప్పుడు అతుక్కున్నాయో చెబుతుంది. మగపిల్లల్లో మోచేయి సుమారు 16 దగ్గర, మణికట్టు దగ్గర రేడియస్ చివర 17 నుంచి 19 మధ్య, తుంటి ఎముక పై అంచు 19, 20 దగ్గర, మెడ కిందున్న జత్రుక లోపలి చివర 20 దాటాక. ఆడపిల్లల్లో ఏడాది, రెండేళ్ళు ముందు. మనవాళ్ళు చాలాచోట్ల వాడే గ్రూలిక్–పైల్ అట్లాస్, అంటే ఏ వయసుకు చేతి ఎముకలు ఎట్లా ఉంటాయో చూపే ఎక్స్‌రే బొమ్మల పుస్తకం, అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో, 1930లలో, బాగా తిని పెరిగిన తెల్లపిల్లల చేతులు చూసి తయారుచేసింది. కోసిగి, కౌతాళం నుంచి ఏటా మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయే కూలీల పిల్లవాడి చేతిని దాంతో పోలుస్తున్నాం. తిండి చాలని పిల్లల్లో ఎముక ఆలస్యమవుతుంది. ఒళ్ళొచ్చిన పిల్లల్లో, కొన్ని హార్మోన్ జబ్బుల్లో ముందే అతుక్కుంటుంది. పదహారేళ్ళవాడి ఎముక పద్దెనిమిదిలా కనబడవచ్చు.

ఈ పొరపాటు ఎంత? అటు రెండేళ్ళు, ఇటు రెండేళ్ళు. జయమాల కేసులో 1982లోనే సుప్రీంకోర్టు గుర్తించిన మాట ఇది. ‘ఎముక వయసు 18’ అంటే 16 నుంచి 20 మధ్య ఎక్కడైనా అని అర్థం. ఇంకో చిక్కు: మణికట్టు పూర్తిగా అతుక్కుంటే, ఆ ఎముక అక్కడితో మూగదైపోతుంది. 18 దాటినవాడిదీ, 35 దాటినవాడిదీ ఒకేలా ఉంటుంది.

పుణెలో 1994లో జరిగిన హత్యల కేసు దీనికి సాక్ష్యం. ఒకతనికి ఉరిశిక్ష పడింది, 2000లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. 2005లో ఎముకల పరీక్ష చేశారు. వైద్యులిచ్చిన జవాబు: 22కు పైన, 40కి లోపు. పద్దెనిమిదేళ్ళ వెడల్పు. ఇందులో 1994 నాటి వయసు తీస్తే 11 నుంచి 29 దాకా ఏదైనా కావచ్చు. చివరికి నిజం తేల్చింది ఎముక కాదు, రాజస్థాన్‌లో ఒక బడి రిజిస్టరు. పేరు వేరుగా ఉండడంతో అది అతనిదేనని నిరూపించడానికే ఏళ్ళు పట్టాయి. 2023 మార్చి 27న సుప్రీంకోర్టు తేల్చింది: నేరం నాటికి అతనికి 12 ఏళ్ళ 6 నెలలు. అప్పటికి జైల్లో 28 ఏళ్ళు గడిచాయి. ఆ మధ్యలో ఎప్పుడు ఉరి తీసినా, పన్నెండేళ్ళ పిల్లవాడి నేరానికి తీసినట్టే.

అదే 1994లో డెహ్రాడూన్‌లో జరిగిన ఇంకో కేసు. అతని బ్యాంకు ఖాతా చూసి పెద్దవాడని కింది కోర్టు అనుకుంది, మరణశిక్ష వేసింది. 2012లో రాష్ట్రపతి దాన్ని జీవితఖైదుగా మార్చారు. 2025 జనవరి 8న సుప్రీంకోర్టు చెప్పింది: నేరం నాటికి 14 ఏళ్ళవాడని. పాతికేళ్ళు జైల్లో ఉన్నాడు. 9వ సెక్షన్ ప్రకారం మైనరునన్న వాదన ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాతైనా, లేవనెత్తవచ్చు. ఆ సెక్షన్ ఉండబట్టే వీళ్ళు జైలు నుంచి బయటపడ్డారు.

కాబట్టి సర్టిఫికెట్‌లో ఒక్క అంకె రాయవద్దు. ‘పరీక్ష తేదీ నాటికి 16 నుంచి 18 మధ్య’ అని పరిధి రాయండి. పరీక్ష తేదీ, ఎక్స్‌రే నంబరు, రెండు పుట్టుమచ్చలు, వేలిముద్ర తప్పకుండా ఉండాలి. కోర్టుకు కావాల్సింది నేరం జరిగిన రోజు వయసు. మీ పరీక్ష తేదీ లేకపోతే వాళ్ళు వెనక్కి లెక్కించలేరు. ఒంటి ఎదుగుదల చూసే డాక్టరు, దంతవైద్యుడు, రేడియాలజిస్టు ముగ్గురూ చూసి ఇవ్వాలి. మూడో దవడపన్ను 17 నుంచి 25 మధ్య ఎప్పుడైనా వస్తుంది, కొందరికి రానే రాదు. దాని ఒక్కదాని మీద ఆధారపడవద్దు. మీసం, గొంతు మీద అసలే వద్దు.

బోర్డు సభ్యులకు 15వ సెక్షన్ మీద రెండు మాటలు. ప్రాథమిక అంచనా పిల్లవాణ్ణి మొదట హాజరుపరిచిన మూడు నెలల్లో పూర్తవ్వాలి. అందులో చూడాల్సినవి నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు. ఎక్కువగా జరిగే తప్పు ఇది: బినే–కామత్ అనే తెలివితేటల పరీక్ష చేస్తారు, స్కోరు 90 వస్తుంది, ‘తెలివి మామూలుగా ఉంది, కనుక పర్యవసానాలు తెలుసు’ అని రాస్తారు. ఇది చల్లని ఆలోచన స్కోరు. ఆ రాత్రి సంగతి అది చెప్పదు. 2022లో బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే ఎత్తిచూపింది. బోర్డులో పిల్లల మనస్తత్వంలో చదువుకున్నవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అంది. పరీక్ష పిల్లవాడి ఇంటి భాషలో జరగాలి. ఆదోని పిల్లవాడిది ఉర్దూనో కన్నడమో కావచ్చు, అనంతపురం తండాలో పుట్టినవాడిది లంబాడీ కావచ్చు. పుస్తకాల తెలుగులో అడిగి, జవాబు రాలేదని మందబుద్ధి అని రాయడమూ తప్పే, బెదిరి అన్నిటికీ ‘అవును సార్’ అంటే అన్నీ తెలుసని రాయడమూ తప్పే. ‘నువ్వే చేశావా’ అని మాత్రం అడగకండి. అంచనా విచారణ కాదని ఆ సెక్షన్ కిందే రాసి ఉంది.

ప్రశ్నలుంటే తీసుకుంటాను.

(ఒక న్యాయవాది: బిడ్డను పోగొట్టుకున్న తల్లికి మీరు ఈ మెదడు లెక్కలు ఎట్లా చెబుతారు సార్?)

చెప్పను. ఆమెకు చెప్పాల్సిన మాటలు కావివి. ఆమె దుఃఖం ముందు నా ఎమ్మారైకి విలువ లేదు, ఉండకూడదు. ఆమెకు కావాల్సింది కేసు త్వరగా నడవడం, పరిహారం అందడం, ఇంట్లో మిగిలిన పిల్లలకు మానసిక వైద్యం, ఎవరో ఒకరు ఆమె చెప్పేది పూర్తిగా వినడం. ఇవి మన ఆసుపత్రులు చేయగలవు, చాలాసార్లు చేయడం లేదు. శిక్ష ఉంటుంది, ఉండాలి. నేను వద్దంటున్నది ఒక్క శిక్ష, వేశాక తప్పని తేలినా వెనక్కి తీసుకోలేని శిక్ష.

(ఒక హౌస్ సర్జన్: మెదడు పాతికేళ్ళదాకా ఎదుగుతుంటే, 18 ఏళ్ళ 3 నెలలవాడి సంగతేంటి సార్?)

నిజమే అమ్మా. పద్దెనిమిదో పుట్టినరోజు నాడు మెదడులో ఏమీ మారదు. అది చట్టం గీసిన గీత. కానీ గీత దాటినవాడికి వయసు పూర్తిగా పనికిరాకుండా పోదు. 1980 బచన్ సింగ్ తీర్పు యువవయసును శిక్ష తగ్గించే కారణాల్లో చేర్చింది. 2022లో మనోజ్ కేసులో, మరణశిక్ష ఆలోచించే ముందు ముద్దాయి మానసిక, మనస్తత్వ నివేదిక తెప్పించుకోవాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నివేదిక మీలాంటివాళ్ళే రాయాలి. తలదెబ్బ, ఫిట్స్, చిన్నప్పటి హింస, చదువు, అన్నీ అందులోకి రావాలి.

(ఒక ఉపాధ్యాయుడు: బడిలో చాలామందికి జూన్ 1 అని వేసేస్తుంటారు. ఏం చేయాలి సార్?)

ముఖ్యమైన మాట అడిగారు. తేదీ తెలియదంటే జూన్ 1, సంవత్సరం ‘ఐదు నిండేటట్టు’. అట్లా పడిన తేదీయే ఆ పిల్లవాడికి జీవితాంతం రుజువు. చేర్చుకునేటప్పుడు తల్లిని టీకాల కార్డు తెమ్మనండి, అంగన్‌వాడీ రిజిస్టరు అడగండి. వలసలో గుంటూరులోనో బళ్ళారిలోనో పుట్టినవాడైతే, అక్కడి ఆసుపత్రి కాగితం అడగండి. ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేసుకునే వీలు జనన మరణాల చట్టంలోనే ఉంది, అధికారి ఉత్తర్వు కావాలి. ఏ కాగితం చూసి తేదీ వేశారో రిజిస్టరు రిమార్కుల గడిలో ఒక వాక్యం రాయండి. బడి మూతపడినా, ఇంకో బడిలో కలిసిపోయినా అడ్మిషన్ రిజిస్టరును పాతకాగితాల్లో వేయకండి. మండల విద్యాశాఖ కార్యాలయంలో అప్పగించి, రసీదు తీసుకోండి.